పట్టుకో, లేపకు

పక్షవాతం వచ్చి ఫిజియోథెరపీ చేయించుకుంటున్నవాళ్లు సాయం అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం వద్దు. కానీ ఏ సాయం కావాలో మీరే చెప్పాలి: "పట్టుకో, లేపకు."

ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రెక్క పట్టుకుని పైకి లాగుతారు. ఎక్కువగా చెడేది అక్కడే. పట్టు తప్పిన వైపు భుజం కండరాలు కీలును బిగించి ఉంచలేవు. లాగితే కీలు కిందికి జారి, నొప్పి పట్టుకుని, చేతి వ్యాయామాలు కుంటుపడతాయి. సాయం చేసేవారు ఆ వైపే, కాస్త వెనగ్గా నిలబడి, నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోవాలి. లుంగీ ముడి పట్టుకుంటే ఊడి వస్తుంది.

లేచేటప్పుడు కుర్చీ అంచుకు జరగండి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి పెట్టండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగి, అప్పుడు లేవండి. వంగకపోతే మళ్లీ కూలబడతారు. నులక మంచం కుంగుతుంది కాబట్టి దాని మీంచి లేవడం ఇంకా కష్టం, సుమారు 18 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీ నయం.

చేతికర్ర బాగున్న చేతిలో ఉండాలి. నిలబడి చెయ్యి వేలాడేస్తే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. అడుగున రబ్బరు అరిగితే వెంటనే మార్చండి, తడి టైల్స్ మీద జారుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

మనసుకు అన్నిటికంటే కష్టం స్నానాల గదిలో సాయం తీసుకోవడం. ఒంటికి తువ్వాలు చుట్టుకుని, రబ్బరు కాళ్ల స్టూలు మీద కూర్చోండి. చెయ్యి అందినంతవరకు మీరే రుద్దుకుని, వీపు, పాదాలు వాళ్లకు వదలండి. లోపల గడియ మాత్రం వేసుకోకండి.