సారవ విప్పేదెవరు?

మంగళవారం, రాత్రి పది దాటింది.

పొద్దున ల్యాబ్ తలుపు తీయగానే తెలిసిపోయింది. గడ్డకట్టించినదాన్ని ఆరబెట్టే మిషను, ఫ్రీజ్ డ్రయ్యర్, చప్పుడు లేదు. రాత్రి కరెంటు పోయిందట, జనరేటర్ అందుకోలేదట. వాక్యూమ్ పోయి, లోపల గడ్డకట్టిందంతా కరిగి, ఎముక పెరిగేదాకా ఆసరాగా ఉండాల్సిన పన్నెండు స్కాఫోల్డులూ (ఇల్లు కట్టేటప్పుడు కట్టే సారవ లాంటివే) తడిసిన అప్పడాల్లా చతికిలబడ్డాయి.

పది రోజుల పని. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆమ్లెట్ బండాయన్ని అడిగి గుడ్డు పెంకులు తెచ్చి, లోపలి పొర గోటితో ఒలిచి, 900 డిగ్రీల ఫర్నేసులో కాల్చి సున్నం చేశాను. దాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపితే హైడ్రాక్సీఅపటైట్. మన ఎముకలో ఉండే ఖనిజం దాదాపు ఇదే. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, ఆ పొడి కలిపి, అచ్చుల్లో పోసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టాను. పెంకులు ఊరికే వస్తాయి. ఓపికే రాదు.

గడ్డకట్టేటప్పుడు నీళ్లు మంచు పలుకులవుతాయి. వాక్యూమ్‌లో ఆ మంచు కరక్కుండానే ఆవిరైపోవాలి. పలుకు ఉన్న చోట బొక్క మిగులుతుంది. మాకు కావాల్సింది ఆ బొక్కలే. కనీసం 100 మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలు దూరతాయి, 300 దాటితే రక్తనాళాలకూ దారి దొరుకుతుంది. ఈ మాట ఒకసారి వరంగల్ ఫ్రెండుకు చెబితే పడీపడీ నవ్వింది. వాళ్ల వైపు బొక్క అంటే ఎముకేనట! బొక్కలుంటేనే బొక్క పెరుగుతుందన్నమాట.

పాత బ్యాచ్‌లో మిగిలిన ఒక్కటి డబ్బాలో ఉంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు. మధ్యాహ్నమంతా దాన్నే చూస్తూ కూర్చున్నా. టిఫిన్ బాక్స్ తీయనే లేదు.

ఇంటికొచ్చేసరికి నాయన మంచం మీద తుంటి పక్క రుద్దుకుంటున్నాడు. మేస్త్రీ పని చేసే రోజుల్లో సారవ మీంచి పడి కాలు విరిగితే, తుంటి ఎముకలోంచి కొంచెం తీసి అక్కడ పెట్టారు. కాలు అతుక్కుంది. తీసిన చోటు మాత్రం ఇప్పటికీ లాగుతుంది. అందుకే ఈ పరిశోధనలోకి వచ్చానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి సీటొచ్చిన గైడ్ దగ్గర ఉన్న టాపిక్ ఇది.

"మొగం అట్లుందేమ్మా?"

చెప్పాను. కాసేపు ఆలోచించి, "మీది గూడా సారవే అంటావు గదా. ఎముక పెరిగినాక దాన్ని విప్పేదెవురు? మళ్లా కోయాల్నా?" అన్నాడు.

"విప్పే పని లేదు నాయనా. ఎముక వచ్చేకొద్దీ అదే కరిగిపోవాల. ముందే కరిగితే నిలబడదు. కరక్కుండా ఉండిపోతే ఎముకకు చోటుండదు."

"స్లాబు పట్టకముందే సెంట్రింగ్ విప్పినట్టు. ఎన్నాళ్లకు కరగాలో లెక్క కుదిరిందా?"

"ఇంకా లేదు."

మా గైడ్ కూడా పోయిన మీటింగులో ఇదే అడిగారు, ఇంగ్లీషులో.

అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే వెనకనుంచి, "ఆ ఆమ్లెట్ బండాయప్ప నాకు తెలుసులే. రేపు నేను పోయి తెస్తా. పెద్ద సంచి యాడుందో చూడు."