సూది ఒక్కటే చాలదు
రూట్ కెనాల్ అంటే అందరూ పంటి వేరు కాలువను గీకే ఫైళ్ల గురించే మాట్లాడతారు. ఫైలు తాకని గోడలు బోలెడు. అక్కడ పనిచేయాల్సింది కాలువ కడిగే మందు, సోడియం హైపోక్లోరైటే. ఇవాళ చేసింది కింది దవడ మొదటి మోలార్, అంటే నమిలే పెద్ద పన్ను. పక్కన రంధ్రమున్న సన్నని 30 గేజ్ సూదితో ఎంత కడిగినా మందు దాని మొన దాటి ఒకట్రెండు మిల్లీమీటర్లే వెళ్తుంది. వేరు కొసన చిక్కుకున్న గాలి బుడగ అడ్డం. గట్టిగా నొక్కితే ఎముకలోకి పోయి ముఖం వాచిపోతుంది, ఆ సాహసం వద్దు. వేగంగా కంపించే అల్ట్రాసోనిక్ టిప్ పెట్టి ఇరవై సెకన్లు ఆడించానో లేదో, శుభ్రమైందనుకున్న కాలువలోంచి మసక నీళ్లు పైకొచ్చాయి! మెషీన్ లేనివాళ్లు కాలువ నింపడానికి వాడే రబ్బరులాంటి గట్టాపెర్చా కోన్‌ని పైకీ కిందకీ ఆడించినా ఉత్త సూది కన్నా మేలే, పైగా ఖర్చు లేదు. చివర్లో, గీకినప్పుడు గోడలకంటిన పొరను తీసే 17 శాతం ఈడీటీఏ ద్రావణం మాత్రం నేను మానను. పంటి చుట్టూ బిగించిన రబ్బరు తెర (రబ్బర్ డ్యామ్) తీయగానే పేషెంటు అడిగిన మొదటి ప్రశ్న: “బ్లీచింగ్ పౌడర్ వాసనొస్తోందేంటి డాక్టరుగారూ?”