గుడ్డు పెంకు మీద మైనం, రంగు, పులుపు

ఉక్రెయిన్ వారు ఈస్టర్ పండుగకు బొమ్మలు రాసే గుడ్డును, అంటే పిసంకాను, మొదటిసారి చూసినవారు ఎవరైనా దానిని సన్నని కుంచెతో వేశారనే అనుకుంటారు. నిజానికి అందులో కుంచెకు దాదాపుగా పని లేదు. తెల్లగా మిగలవలసిన గీతలను కరిగిన తేనెమైనంతో ముందుగా రాసి, గుడ్డును పసుపు రంగు నీళ్ళలో ముంచి, పసుపుగా మిగలవలసిన చోట్లను మళ్ళీ మైనంతో కప్పి, ఆ తరువాత నారింజ, ఎరుపు, చివరకు నలుపు దాకా ఇదే వరుసలో వెళతారు. రాసేవారి చేతిలోని పరికరం రంగును పూయదు. అప్పటికే ఉన్న రంగును రాబోయే రంగు అంటకుండా కాపాడుతుంది. ఈ సంగతి తలకెక్కితే మిగిలినదంతా ఓపిక, చేతి నిలకడ. తలకెక్కకపోతే ఎంత చక్కగా బొమ్మలు వేయగలవారికైనా మొదటి గుడ్డు తారుమారుగానే వస్తుంది.

కెనడాలోని ఎడ్మంటన్‌లో కాపురం ఉంటున్న తెలుగువారికి ఈ కళ కంటపడకుండా ఉండడమే కష్టం. 1891లో మొదలైన ఉక్రేనియన్ల వలస అల్బర్టా గోధుమ పొలాల మధ్య వారి ఊళ్ళను, గుండ్రని గోపురాల చర్చిలను నిలిపింది. నగరానికి తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని వెగ్రెవిల్‌లో 1975లో నిలబెట్టిన లోహపు పిసంకా ఒకటి గాలివాటుకు తిరుగుతూ ఉంటుంది. ఆ గుడ్డు పొడవు 7.8 మీటర్లు. దానిని రూపొందించినది యూటా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల మీద పనిచేసిన రాన్ రెష్. చదునైన అల్యూమినియం రేకులను కలిపి గుడ్డు వంపు తీసుకురావడం ఆ రోజుల్లో చిన్న లెక్క కాదు. లెక్కల పరంగా దానికి నమస్కరిస్తాను గానీ, పిసంకాగా మాత్రం అది నన్ను పెద్దగా ఆకట్టుకోదు. చేత్తో రాసిన గీతలో ఉండే చిన్న వణుకు అందులో లేదు. నాకు ఈ పని నేర్పినది మా వీధిలోనే ఉండే ఒక ఉక్రేనియన్ పెద్దావిడ. ఆవిడ ఎక్కువగా మాట్లాడరు. నా చేతిలోని గుడ్డును తిప్పి చూసి, ఎక్కడ తొందరపడ్డానో వేలితో చూపించి తిరిగి ఇచ్చేస్తారు.

పరికరం పేరు కిస్త్‌కా. పెన్సిలంత పుల్ల చివర చిన్న ఇత్తడి గరాటును రాగి తీగతో అడ్డంగా బిగించి కడతారు. గరాటు వెడల్పు మూతితో తేనెమైనపు ముద్దను గీకి, దానిని కొవ్వొత్తి మంట పక్కన కొన్ని క్షణాలు ఉంచితే లోపలి మైనం కరిగి, సన్నని మూతి నుంచి సిరాలాగా దిగుతుంది. కొవ్వొత్తి మసి కలిసి మైనం నల్లబడుతుంది. తెల్లని పెంకు మీద గీత స్పష్టంగా కనిపించడానికి ఆ నలుపే ఆధారం. గీత గీసేటప్పుడు కిస్త్‌కాను కాక గుడ్డును తిప్పడం పాతకాపుల పద్ధతి. కుడి చెయ్యి బల్ల మీద ఆనించి కదలకుండా ఉంచి, ఎడమ చేతి వేళ్ళ మధ్య గుడ్డును మెల్లగా దొర్లిస్తే చుట్టుగీత మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. మైనం చల్లారితే గీత గరుకుగా తెగుతుంది, మరీ వేడెక్కితే బొట్టుగా జారిపడుతుంది. పడిన బొట్టును గోటితో తీసివేయవచ్చు గానీ, దాని జిడ్డు పెంకులో మిగిలి ఆ చోట రంగు పట్టదు. కనుక ఆ బొట్టును ఏదో ఒక పువ్వుగానో నక్షత్రంగానో మార్చుకోవడమే మేలు. ఇప్పుడు కరెంటుతో వేడెక్కే కిస్త్‌కాలు వచ్చాయి. వాటితో గీత సమంగా వస్తుందనడంలో సందేహం లేదు. అయినా మైనం ఎప్పుడు దిగుతుందో, ఎప్పుడు ఆగుతుందో వేళ్ళకు తెలియాలంటే మొదట కొన్నాళ్ళు కొవ్వొత్తితోనే రాయాలని నా అభిప్రాయం.

మైనం తేనెపట్టుదే కావాలి. పారఫిన్ పెళుసుగా ఉండి పగులుతుంది, పగుళ్ళలోకి రంగు చొరబడుతుంది. మైనం అద్ది రంగు వేసే బాతిక్ బట్టల మీద కనిపించే సాలెగూటి గీతలు అలా వచ్చినవే. బట్ట మీద అది అందం, గుడ్డు మీద చెడు. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, పెంకును గట్టిగా పట్టుకుంటుంది, రంగు నీళ్ళలో ఎన్నిసార్లు ముంచినా ఊడదు.

గుడ్డు పచ్చిది తీసుకోవాలి. ఉడికించి ఒకే రంగు వేసి, పండుగనాడు ఒలుచుకొని తినేది క్రాషంకా; పిసంకా తినడానికి కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డును వెంటనే పట్టుకుంటే పెంకు మీద చెమ్మ పేరుకొని మైనం అంటుకోదు, కనుక గది వేడికి రానివ్వాలి. సబ్బుతో కడగకూడదు, కాస్త వినెగర్ కలిపిన నీళ్ళతో మెత్తగా తుడిస్తే చాలు. పెన్సిల్‌తో లేతగా గీసిన విభజన గీతలను రబ్బరుతో చెరపకూడదు, చెరిపిన చోట రంగు మచ్చగా దిగుతుంది. రంగులు ఎక్కువగా వేడినీళ్ళలో కలిపే పొడులు. వాటికి ఒక చెంచా వినెగర్ చేర్చితే పెంకుకు బాగా పడతాయి. కొన్ని పొట్లాల మీద, ముఖ్యంగా నారింజ పొట్లం మీద, వినెగర్ వేయవద్దని రాసి ఉంటుంది. ఆ సూచనను పాటించాలి. పాతరోజుల్లో ఉల్లిపొట్టు, ఆపిల్ చెట్టు బెరడు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు, వాల్‌నట్ కాయల పైతొక్క మరిగించి రంగులు తీసేవారు, ఏ ఇంటి పాళ్ళు ఆ ఇంటి గుట్టు.

వరుసలో చిక్కు పెట్టేది ఆకుపచ్చ. పసుపు తరువాత గుడ్డును మొత్తంగా ఆకుపచ్చలో ముంచితే, ఆపైన వచ్చే ఎరుపు మురికిగా మారుతుంది. అందుకని ఆకులకూ రెమ్మలకూ కావలసిన చోట మాత్రమే పుల్లతోనో సన్నని కుంచెతోనో ఆకుపచ్చను అద్ది, మైనంతో కప్పి, తరువాత నారింజలో ముంచుతారు. పక్కకు పొర్లిన ఆకుపచ్చ జాడను నారింజ కడిగివేస్తుంది. కుంచెకు దాదాపుగా పని లేదని మొదట అన్నది ఈ ఒక్క అద్దకాన్ని దృష్టిలో ఉంచుకొనే.

నలుపులోంచి బయటికి తీసిన గుడ్డు చూడడానికి ఏమాత్రం బాగుండదు. నల్లటి మైనపు గడ్డలతో, ఎక్కడ ఏముందో తెలియకుండా ఉంటుంది. దానిని కొవ్వొత్తి మంటకు పైన కాకుండా పక్కన పట్టుకొని, మెరుపు తేలిన మైనాన్ని మెత్తని కాగితంతో తుడుస్తూ పోతే, మొదట కప్పిన తెలుపూ చివర కప్పిన ఎరుపూ ఒకేసారి బయటపడతాయి. మంటపైన పట్టుకుంటే మసి పట్టి తెలుపు చెడుతుంది. ఇక్కడ తొందరపడి గట్టిగా రుద్దనవసరం లేదు, కాగితం మారుస్తూ ఉంటే చాలు.

నమూనాల విషయంలో ప్రాంతానికో తీరు. కార్పేథియన్ కొండల్లోని హుత్సుల్ ప్రజల పిసంకాలలో, ముఖ్యంగా కోస్మాచ్ ఊరివాటిలో, నారింజ రంగు ఎక్కువ, గీతలు దట్టం, జింకలూ గుర్రాలూ సన్నని గళ్ళ మధ్య ఇరుక్కొని ఉంటాయి. లెమ్కో ప్రజలు గీతలు గీయరు. గుండుసూది తలను కరిగిన మైనంలో ముంచి, పెంకు మీద ఆనించి లాగితే వచ్చే కన్నీటిబొట్టు ఆకారాలతోనే పూలూ సూర్యులూ కూరుస్తారు. గుడ్డంతటినీ 40 త్రికోణాలుగా విభజించే నమూనా ఒకటుంది, దానిని ఈస్టర్‌కు ముందరి 40 రోజుల ఉపవాసంతో ముడిపెడతారు. ఎక్కడా తెగకుండా గుడ్డు చుట్టూ తిరిగివచ్చే అలను గీయడం నాకు అన్నిటికన్నా ఇష్టం. మెలికల ముగ్గు వేసిన చెయ్యికి ఆ తర్కం వెంటనే పట్టుబడుతుంది. హుత్సుల్ వారి కథ ఒకటి చెబుతారు. కొండల్లో గొలుసులతో కట్టివేసిన ఒక దుష్టశక్తి ఏటేటా తన సేవకులను పంపి ఎన్ని పిసంకాలు రాశారో లెక్కపెట్టిస్తుందట. లెక్క తగ్గితే గొలుసులు సడలుతాయి, పెరిగితే బిగుసుకుంటాయి.

సోవియట్ పాలనలో మతాచారంగా ముద్రపడి ఈ కళ ఉక్రెయిన్‌లో చాలావరకు అణగిపోగా, కెనడాకూ అమెరికాకూ వలసపోయిన కుటుంబాలు దానిని నిలబెట్టుకున్నాయి. 2000లో కొలొమియా పట్టణంలో గుడ్డు ఆకారపు కట్టడంతో పిసంకా మ్యూజియం వెలిసింది. 2024 డిసెంబరులో ఉక్రెయిన్, ఎస్టోనియాల ఉమ్మడి ప్రతిపాదన మీద యునెస్కో ఈ కళను మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మైనంతో రంగును అడ్డగించడం మనకు కొత్త కాదు. 17, 18 శతాబ్దాలలో కోరమాండల్ తీరం నుంచి ఐరోపాకు పోయిన కలంకారీ బట్టలకు నీలిమందు పట్టించాలంటే బట్టను తొట్టిలో ముంచక తప్పేది కాదు, కనుక నీలం అక్కరలేని మేర అంతటినీ కరిగిన మైనంతో కప్పేవారు. ఎర్రని పువ్వు మధ్యలో వెంట్రుకవాసి తెల్లగీతలు కావాలన్నా మైనమే దిక్కు. శ్రీకాళహస్తిలో ఆ ఘట్టం ఇప్పుడు చాలావరకు తగ్గిపోయింది. ఒక్క తేడా మాత్రం ఆలోచించదగ్గది. కలంకారీలో నలుపూ ఎరుపూ ముందు వస్తాయి, నీలమూ పసుపూ తరువాత. బట్టకు కరక్కాయ పట్టించి, ఎరుపు కావలసిన చోట పటిక రాస్తారు గనుక ఎరుపు పటిక ఉన్న చోటే నిలుస్తుంది. గుడ్డు మీద అటువంటి వెసులుబాటు లేదు. లేతది ముందు, ముదురుది వెనుక, అంతే.

ఇక పులుపు సంగతి. పిసంకాలంటే రంగుల వైభవమే అని అందరూ అనుకుంటారు గానీ, నన్ను ఎక్కువగా పట్టి ఉంచినది రంగులు లేని పద్ధతి. గోధుమరంగు పెంకు గల గుడ్డు తీసుకొని, గోధుమరంగులోనే మిగలవలసిన బొమ్మను మైనంతో రాసి, గుడ్డును మామూలు వంటింటి వినెగర్‌లో దించాలి. పెంకులో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేట్. పులుపు తగలగానే అది కరుగుతూ కార్బన్ డయాక్సైడ్ బుడగలను వదులుతుంది. క్షణాల్లో గుడ్డంతా నురగ కప్పుకొని పైకి తేలుతుంది. పెంకులో గోధుమరంగు లోపలి దాకా సమంగా ఉండదు. పెట్ట గుడ్డు పెట్టే ముందరి చివరి గంటల్లో పైపొరలోనే ఎక్కువగా చేరుతుంది. అందువల్ల పైపొర కరిగితే కింద తెలుపు బయటపడుతుంది. కొద్ది నిమిషాలకు ఒకసారి గుడ్డును తీసి, ధార కింద పట్టి, మెత్తని పళ్ళ బ్రష్‌తో తడిమితే గోధుమరంగు బురదలా జారిపోతుంది. బుడగలను అలాగే వదిలివేయకూడదు. బుడగ కూర్చున్న చోటికి వినెగర్ చేరక పెంకు గుంటలు పడినట్టు తయారవుతుంది. గుడ్డును తిప్పుతూ, నురగను వేలితో తుడుస్తూ ఉండాలి.

తెలుపు వచ్చిందని అక్కడితో ఆపవలసిన అవసరమూ లేదు. గుడ్డును కడిగి ఆరబెట్టి, ఇప్పుడు తెల్లబడిన చోట కొత్త గీతలు మైనంతో రాసి మళ్ళీ పులుపులో దించితే, ఆ గీతలు కాస్త ఎత్తుగా నిలిచి చుట్టూ ఉన్న పెంకు లోతుకు పోతుంది. మైనం తీసివేశాక కళ్ళు మూసుకొని వేలితో తడిమినా బొమ్మ తెలుస్తుంది. కానీ కోడిగుడ్డు పెంకు మందం మిల్లీమీటరులో మూడో వంతుకు అటూ ఇటూ. ఆ లెక్కను మరచి లోతు కోసం ఆశపడితే చేతిలో మిగిలేది సొన మాత్రమే. లోతుగా చెక్కదలచినవారు బాతు, పెద్దబాతు గుడ్లకు పోతారు. ఈము గుడ్డుకైతే ముదురు ఆకుపచ్చ, నీలిపచ్చ, తెలుపు పొరలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి గనుక రంగుల అవసరమే ఉండదు. వెనుకటికి ఉక్రెయిన్‌లో పులియబెట్టిన క్యాబేజీ నీళ్ళతోనే ఈ పని చేసేవారు. త్వరగా పని కావాలని గాఢమైన ఆమ్లాలను వాడేవారూ ఉన్నారు. వంటింట్లో వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. వినెగర్ నెమ్మదిగా పనిచేయడం ఇక్కడ లోపం కాదు, ఎక్కడ ఆపాలో చూసుకొనే వ్యవధి దొరుకుతుంది.

గీకుడు పద్ధతి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఉల్లిపొట్టుతో ముదురుగా రంగు వేసిన గుడ్డును చాకుమొనతో గీకి తెల్లగీతలు తీస్తారు. లిథువేనియాలో దీనికి మంచి పేరుంది. జర్మనీ తూర్పు ప్రాంతపు సోర్బ్ ప్రజలు మైనం, గీకుడు, ఆమ్లం అన్నిటినీ వాడతారు. వాళ్ళు మైనం అద్దడానికి కోసిన పెద్దబాతు ఈక మొనను వాడడం వల్ల వారి గుడ్ల మీద చిన్న త్రికోణాల వరుసలు ముద్రల్లా పడతాయి.

మన ఊళ్ళలో ఎవరైనా ప్రయత్నించదలిస్తే నా సలహా పులుపుతోనే మొదలుపెట్టమని. రంగు పొడులు తెప్పించుకోనక్కరలేదు. నాటుకోడి గుడ్లలో ముదురువి ఏరుకోవాలి. ఫారం తెల్లగుడ్డు ఈ పనికి పనికిరాదు, అది రంగులకు ఉంచుకోవాలి. ఎండాకాలంలో కోళ్ళు రొప్పడం వల్ల వాటి రక్తంలో మార్పు వచ్చి పెంకులు పలుచబడతాయి, కనుక శీతకాలపు గుడ్లు మేలు. దీపానికి ఎదురుగా పట్టి సన్నని పగుళ్ళున్నవాటిని పక్కన పెట్టాలి. పని పూర్తయ్యాక రెండు కొసలా సూదితో రంధ్రం చేసి సొన ఊదివేయడం మన వేడికి క్షేమం. ఉక్రెయిన్‌లో పాతవారు అలా చేయరు. గాలి తగిలే చోట పచ్చిగానే ఉంచితే ఏళ్ళ మీద సొన ఎండి లోపల గింజలా గలగలమంటుంది. అదే గుడ్డును గాలి ఆడని డబ్బాలో పెట్టి మూతపెడితే లోపల వాయువు పేరుకొని ఒకనాడు పగులుతుంది, ఆ వాసన గదిలోంచి పోవడానికి చాలా రోజులు పడుతుంది. ఊదాలనుకుంటే మాత్రం రంగూ పులుపూ అన్నీ ముగిసిన తరువాతే ఊదాలి. ఖాళీ గుడ్డు నీళ్ళలో మునగదు, మైనం కరిగించేటప్పుడు రంధ్రంలోంచి తడి కారి రంగును పాడుచేస్తుంది.