గ్లాసు చప్పుడు తీసెయ్యలేదు

శనివారం రాత్రి.

సాయంత్రం ప్రసారం అయిపోయింది. పిచ్చి మీద గంటసేపు కార్యక్రమం. మాది చిన్న కమ్యూనిటీ రేడియో. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్, పది పదిహేను కిలోమీటర్లు దాటితే గరగర తప్ప ఏమీ వినపడదు. ఆ మాత్రం దానికి వారాల తరబడి తగువులు పడ్డాం.

మొదట అందరి బుర్రలో ఉన్నది ఒకటే పద్ధతి. ఒక డాక్టరుగారు, ఆయనకి పది ప్రశ్నలు, మధ్యమధ్య నీరసంగా ఓ వేణువు. పేషెంటు మాటలు కావాలంటే ఎవరో ఆర్టిస్టు చేత చదివించడం. నాకు నచ్చలేదు. అర్జెంటీనాలో, బ్యూనస్ ఎయిరిస్‌లో బోర్దా అని పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 1991లో అల్ఫ్రెదో ఒలివేరా అనే సైకాలజీ విద్యార్థి అక్కడివాళ్ల మాటలు టేపు మీద రికార్డు చేసి, చిన్నచిన్న ముక్కలుగా బయట ఒక కమ్యూనిటీ రేడియోలో వేయించాడు. విన్నవాళ్లు ఏవో అడిగేవాళ్లు. ఆ ప్రశ్నలు లోపలికి మోసుకెళ్లి వినిపించి, జవాబులు రికార్డు చేసుకుని మళ్లీ బయటికి తెచ్చేవాడు. అలా పుట్టిందే లా కొలిఫాతా రేడియో. తర్వాత ఆసుపత్రి ఆవరణలోంచే శనివారాలు ప్రసారాలు చేశారు. ఇదంతా చెప్పాక మావాళ్లు కాస్త మెత్తబడ్డారు. డాక్టరుగారు ఉంటారు, కానీ మైకు ముందు ఆయన కూర్చోరు అని ఒప్పందం.

మాకు ఒక అక్క దొరికింది. పేరు రాయను. యాభై దాటాయి, బట్టలు కుడుతుంది, బైపోలార్‌కి, అంటే మనసు కొన్నాళ్లు విపరీతంగా ఎగిసి కొన్నాళ్లు కుంగిపోయే జబ్బుకి, లిథియం వాడుతోంది. ఆ మందుతో కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి, దాహం ఎక్కువవుతుంది. ఈవిడకి రెండూ ఉన్నాయి. సూదిలో దారం మనవరాలు ఎక్కించి ఇస్తుంది, మిషన్ మీద కూర్చున్నాక మాత్రం కుట్టు గీత గీసినట్టు పోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గుక్కెడు నీళ్లు తాగి, స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు టకటకటక. ఇయర్‌ఫోన్లో ఆ చప్పుడు మనిషి గొంతుకంటే పెద్దగా వినిపిస్తుంది.

"అక్కా, ఇవన్నీ లేపేస్తా, రెండు నిమిషాల పని" అన్నాడు నాతో ఎడిటింగ్ కుర్రాడు. లేపేశాడు కూడా. వాటితోపాటు ఆవిడ ఆగిన చోట్లన్నీ పోయి, ఎవరో వార్తలు చదువుతున్నట్టు తయారైంది. (సొంత వార్తలు చదవడానికి మాకు ఎటూ అనుమతి లేదు.) ఆవిడకే ఫోన్ చేసి రెండూ వినిపించాం. "నీళ్లు తాగకుండా అంతసేపు నేనెట్లా మాట్లాడతానమ్మా? నన్ను ఎరిగినవాళ్లెవరూ నమ్మరు" అంది. చప్పుడు ఉంచేశాం.

జబ్బు గురించి ఆవిడ చెప్పింది తక్కువ. ఎక్కువ చెప్పింది కోపం గురించి. గ్యాసు బండ ఆలస్యంగా తెచ్చినవాణ్ణి వీధిలో అందరూ తిడతారు. ఈవిడ తిడితే మాత్రం లోపల్నించి కోడలు "అత్తయ్యా, టాబ్లెట్ వేసుకున్నారా?" అంటుంది. "నాకు కోపం కూడా సొంతంగా రాకూడదా?" అని అడిగి, చాలాసేపు ఆగింది. తర్వాత గ్లాసు.

మెట్రోలో ఎర్రగడ్డ స్టేషన్ వస్తోందని అనౌన్స్‌మెంట్ వినపడగానే కాలేజీ పిల్లలు "నీ స్టాప్ వచ్చింది, దిగరా" అని ఒకళ్లనొకళ్లు తోసుకుంటారట. అక్కడి మానసిక వైద్యశాలలో మందులకి ఆవిడ దిగేదీ ఆ స్టేషన్లోనే. "దిగేటప్పుడు వాళ్లకి టాటా చెప్తా" అంది. స్టూడియోలో మేం నవ్వాలో వద్దో తెలియక గాజు అద్దం లోంచి ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తనకి ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో మనిషి బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని కూడా తనే ఎంచుకోవచ్చు. ఆవిడ ఎంచుకుంది తమ్ముణ్ణి కాదు, పక్కింటి ఫ్యాన్సీ షాపావిడని. "మా తమ్ముడు మంచోడే. నాకు బాగాలేకపోతే ముందు వాడు ఏడుస్తాడు. ఏడ్చేవాళ్ల చేతికి కాగితాలు ఇవ్వకూడదు."

ప్రసారం అయ్యాక వాట్సాప్‌కి వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఇద్దరు మాత్ర పేరు అడిగారు. అలాంటివి మేం చెప్పం, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలి మానస్ నంబరు 14416 పంపాం. ఒక అమ్మాయి, పెళ్లి సంబంధాల్లో అమ్మ జబ్బు గురించి ముందే చెప్పాలా అని ఆ అక్కనే అడగమంది. ఒక పెద్దాయన మాత్రం "సాయంత్రం పూట ఈ పిచ్చిగోల ఏంటండీ, పాటలు వేసుకోక" అని విసుక్కున్నాడు.

అన్నీ ఒక ఫోల్డర్లో వేశాను. మంగళవారం రికార్డర్ పట్టుకుని ఆవిడింటికి వెళ్లి వరసగా వినిపించాలి, ఒలివేరా చేసినట్టే. కుర్రాడు పెద్దాయన మెసేజ్ తీసేద్దామన్నాడు, ఆవిడ బాధపడుతుందేమోనని. ముందు అదే వినిపిస్తానన్నాను. ఊరుకునే మనిషి కాదావిడ.