తవుడు కుండ, తరవాణి కుండ

జపాను వాళ్ళ నుకాజుకే, అంటే పులిసిన తవుడులో ఊరబెట్టిన కూరగాయల గురించి ఎవరైనా మెచ్చుకుంటే చాలు, మనవాళ్ళు ఆవకాయ జాడీ తెచ్చి ముందు పెడతారు. ఆవకాయ గొప్పదే, కాదనను. కానీ ఆ పోలిక కుదరదు. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, పైన తేలేంత నువ్వులనూనె: ఇదంతా సూక్ష్మజీవుల నోరు కట్టేయడానికి. నుకాజుకే సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ వాటిని పిలిచి, మేపి, ఏళ్ళ తరబడి బతికించుకుంటారు. దానికి మన దగ్గర అసలు తోబుట్టువు గంజి పులియబెట్టే తరవాణి కుండ. గర్వపడాలంటే దాన్ని చూసి పడాలి. మనమేమో దాన్ని వదిలేశాం.

నుకా అంటే తవుడు. ఎదో కాలంలో, అంటే ఇప్పటి టోక్యో ఇంకా ఎదో అనే పేరుతో ఉన్న రోజుల్లో, పట్నవాసులు తెల్లగా దంచిన బియ్యానికి అలవాటు పడ్డారు. దాంతో కాళ్ళు లాగేసే బెరిబెరి వచ్చింది. ఊరి పేరే పెట్టి దాన్ని 'ఎదో జబ్బు' అన్నారు. తవుడులో ఊరిన కూరగాయల్లోకి తవుడులోని బి1 విటమిన్ కొంత దిగుతుంది. ఆ సంగతి వాళ్ళకు అప్పట్లో తెలియదు, రుచికే తిన్నారు. 1910లో జపాను శాస్త్రవేత్త సుజుకి ఉమెతారో బెరిబెరిని తగ్గించే పదార్థాన్ని వేరుచేసింది తవుడు నుంచే. మనకు తవుడంటే గొడ్ల కుడితే గుర్తొస్తుంది.

ఆ తవుడు కుండ ఇక్కడ పెట్టుకోవాలంటే మొదటి చిక్కు తవుడుతోనే. పాత హల్లర్ మిల్లులో ఊక, తవుడు కలిసి వస్తాయి, అది పనికిరాదు. పాలిష్ పట్టే దగ్గర రాలే మెత్తటి పచ్చిబియ్యం తవుడు కావాలి, అదీ ఆ రోజుదే. బియ్యం నుంచి విడిపడగానే తవుడులోని నూనె చెడడం మొదలుపెడుతుంది, నాలుగు రోజులకే కనరు వాసన కొడుతుంది. తెచ్చిన వెంటనే జల్లించి, సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చాలి.

కిలో తవుడుకు 130 గ్రాముల ఉప్పు, సుమారు లీటరు నీళ్ళు. ఉప్పును నీళ్ళలో మరిగించి, పూర్తిగా చల్లారాక కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి, అంతే తడి. నాలుగు ఎండుమిరపకాయలు వేయాలి. వాళ్ళు కొంబు అనే సముద్రపు నాచు కూడా వేస్తారు, అది లేకపోయినా పని ఆగదు. క్యాబేజీ పైరేకులు పాతిపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి తీసి పారేసి కొత్తవి పెట్టాలి. పది పదిహేను రోజులకు పుల్లటి కమ్మటి వాసన వస్తుంది. ఆలోపు రేకులు తిని 'ఉప్పు కషాయంలా ఉంది' అని పెదవి విరిచేవాళ్ళే ఎక్కువ.

తర్వాత కీరాకు ఉప్పు రుద్ది పాతితే మామూలు గది వేడిలో ఆరేడు గంటలు చాలు, క్యారెట్‌కు ఒక రోజు. వంకాయ రంగు నిలవాలంటే ముందు పటిక పొడి రుద్దుతారు. మన దోసకాయైతే గింజలు తీసేయాలి, లేకపోతే తవుడంతా జావ అవుతుంది. ఇదంతా 20–25 డిగ్రీల లెక్క. మన మే నెలలో పగలు ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు.

చెడేది ఎక్కువగా కలపకపోవడం వల్లే. పైన గాలి తగిలేచోట ఈస్టు తెల్లటి పొర కడుతుంది, అడుగున గాలి అందనిచోట చెమట మేజోళ్ళ కంపు కొట్టేవి పెరుగుతాయి. అందుకే రోజూ అడుగుది పైకి, పైది అడుక్కి. పలుచటి తెల్లపొరైతే కలిపేయొచ్చు, మందంగా ఉంటే గీకి తీసేయాలి. నల్లగానో పచ్చగానో బూజు పడితే మొత్తం పారేయడమే. పులుపు మీరితే ఒక చెంచా ఆవపిండి కలపాలి. ఆవఘాటు పులిపించేవాటి జోరు తగ్గిస్తుంది, ఆవకాయలో దాని పనీ అదే కదా! నీరు ఊరితే అద్ది తీసి, కొత్త తవుడు, దానికి తగ్గ ఉప్పు చేర్చాలి.

తరవాణికి ఇంత హంగామా లేదు. మట్టికుండలో బియ్యం కడుగు, చల్లారిన గంజి పోసి, గుడ్డ వాసెన కట్టి ఉంచితే రెండు మూడు రోజులకు పులుస్తుంది. పైతేట వాడుకుని, వాడినంత గంజి మళ్ళీ పోయాలి. అడుగు మడ్డి ఎప్పుడూ మిగలాలి, పులుపు అందులోనే ఉంది. వేడి గంజి పోస్తే పులిపించేవి చస్తాయి. పోయడం మానేస్తే బూజు పడుతుంది. ఆ తేటలో రాత్రి అన్నం వేసి, పొద్దున ఉప్పు, నిమ్మాకు నలిపి కలుపుకుంటే వేసవి చద్ది. నంజుకోవడానికి ఆవకాయ ముక్క, అక్కడ దాని గొప్ప దానిదే.

ఈ కుండ వంటింట్లోంచి పోవడానికి నాగరికత కన్నా పెద్ద కారణం ప్రెషర్ కుక్కర్. గంజి వార్చడమే పోయాక తరవాణికి మేత ఎక్కడిది? మళ్ళీ పెట్టాలంటే వారానికి రెండుసార్లు అన్నం గిన్నెలో వండి వారిస్తే సరిపోతుంది, మధ్య రోజుల్లో రెండో కడుగు నీళ్ళు పోయొచ్చు. మొదటి కడుగులో దుమ్ము, పురుగుమందు పొడి ఉండొచ్చు, అది పారబోయాలి.