కైలాసగిరి కింద కాలు జారింది

మా మేనల్లుడు ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. "విశాఖ వస్తావు, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని పోతావు. ఒక్కసారి నాతో రా మావయ్యా, రాళ్లు చూపిస్తా" అని రెండేళ్లుగా ఒకటే గోల. డిసెంబరులో ఓ ఆదివారం తునిలో పొద్దున్నే రైలెక్కాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని, భీమిలి బస్సెక్కి తెన్నేటి పార్కు దగ్గర దిగిపోయాం.

పైన కైలాసగిరి, కింద సముద్రం. నాకన్నీ ఒకేలాంటి రాళ్లు. వాడు ఒకదాని ముందు గొంతుక్కూర్చుని, దానిమ్మ గింజల్లా మెరిసే ఎర్ర చుక్కలు చూపించాడు. "ఇవి గార్నెట్లు. ఈ రాయి ఖోండలైట్. మన తూర్పు కనుమల్లో ఉండే ఖోండుల పేరే దీనికి పెట్టారు. కోణార్క గుడి కట్టింది కూడా ఈ రాయితోనే." కొన్నిచోట్ల ఇందులో గ్రాఫైట్ రేకులు కూడా ఉంటాయట, అంటే పెన్సిల్ ముల్లులో ఉండే సరుకే. తెల్లగా కనిపించే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మాత్రం వేల ఏళ్ల వానలకు నాని నాని కయోలినైట్ అనే బంకమట్టిగా మారిపోతుందట.

ఆ మాట వింటూనే నేను ఇంకో రాతి మీదకు కాలు వేశాను. నెర్రెలోంచి ఊట నీరు కారుతోంది, దాని అంచున పాలిపోయిన మట్టి పూత. సర్రున జారిపోయాను. మోకాలు గీసుకుంది. ఎడమకాలి చెప్పు నీళ్లలో పడింది, అల దాన్ని లాక్కుపోయింది. వాడు ముందు నవ్వాడు, తర్వాతే చెయ్యిచ్చాడు.

"నువ్వు జారింది రాతి మీద కాదు మావయ్యా, మట్టి మీద. భూమి లోపల రాళ్లు పగిలి, ఒకదాని పక్కన ఒకటి జరిగే చీలికలుంటాయే, ఫాల్టులు, వాటి సంగతీ ఇంతే."

"అంటే నేను ఫాల్టు మీద పడ్డానా?"

"లేదు, ఇది మామూలు నెర్రె. ఈ మట్టి వానకు పుట్టింది. ఫాల్టులో అయితే రెండు వైపుల రాళ్లూ ఒరుసుకుని పిండి అవుతాయి. ఆ పిండిలోకి వేడినీళ్లు చేరి బంకమట్టి ఖనిజాలు పుడతాయి."

రెండు చదును పలకలు ఏరి, ఒకదాని మీద ఇంకోటి పెట్టి కింది పలకను మెల్లగా వాల్చాడు. బాగా ఏటవాలు అయ్యాకగానీ పైది కదల్లేదు. గ్రానైటో, ఇసుకరాయో, ఏదైనా దాదాపు ఇంతేనట. రాళ్ల మధ్య పట్టు ఎంతో చెప్పే ఘర్షణ గుణకం 0.6 నుంచి 0.85 దాకా ఉంటుంది, అంటే 30 డిగ్రీలు దాటితేగానీ జారదు. బయర్లీ అనే ఆయన 1978లో లెక్క తేల్చాడు. ఆ లెక్కకు లొంగనివి బంకమట్టి ఖనిజాలే. నీళ్లు పీల్చి ఉబ్బే స్మెక్టైట్ అయితే 10 డిగ్రీల వాలుకే జారిపోగలదు. దాని రేకుల మధ్య నీళ్లే పొరలుగా ఉంటాయి మరి.

అయితే మట్టి ఉన్న ఫాల్టే ప్రమాదం అన్నమాట, అన్నాను. ఇక్కడే నేను తప్పులో కాలేశాను, ఆ పూటకి రెండోసారి. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి గట్టి ఖనిజాలు పట్టుకుని కూర్చుంటాయి, ఒత్తిడంతా దాచుకుని ఒక్కసారిగా తెగుతాయి. అదే భూకంపం. బంకమట్టి సాధారణంగా అలా కాదు. కదలిక వేగం పెరిగేకొద్దీ దాని పట్టు కూడా కాస్త పెరుగుతుంది, అందుకే ఫాల్టు నిదానంగా పాకుతుంది. కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ ఫాల్టు నడిమి భాగం అలాగే ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు పాకుతోంది. పార్క్‌ఫీల్డ్ దగ్గర సుమారు 3 కిలోమీటర్ల లోతుకు తవ్వి చూస్తే అక్కడ దొరికింది సపోనైట్ అనే బంకమట్టి. లాటిన్‌లో సబ్బును 'సాపో' అంటారట, ఆ పేరే దీనికి వచ్చింది. మన 'సబ్బు' పుట్టింది కూడా అక్కడి నుంచేనని విని నాకు రాళ్ల కంటే ఆ సంగతే ఎక్కువ నచ్చింది.

మరి మట్టి ఉంటే నిశ్చింతేనా? 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన భూకంపం ఆ ధీమా కూడా తీసేసింది. సముద్రపు కందకం దగ్గర, అంటే ఒక భూఫలకం ఇంకోదాని కిందకు దిగే చోట, బంకమట్టి ఉన్న ఫాల్టు పైభాగం పెద్దగా కదలదనే చాలామంది అనుకున్నారు. అదే దాదాపు 50 మీటర్లు జరిగి సునామీని లేపింది. మరుసటి ఏడాది సుమారు 7 కిలోమీటర్ల నీటి అడుగున తవ్వితే, ఆ ఫాల్టు మందం 5 మీటర్లకు లోపే, అదీ స్మెక్టైట్‌తో నిండినది. వేగంగా జారేసరికి రాపిడికి వేడి పుట్టింది, మట్టిలోని నీళ్లు వ్యాకోచించాయి. బయటికి పోయే దారి లేక ఆ నీళ్లే పై పొరను ఎత్తిపట్టాయని, పట్టు ఇంకా సడలిందని వివరణ. మట్టి నీటిని తనలోంచి తేలిగ్గా పోనివ్వదు. చెరువు గట్టులో మనవాళ్లు బంకమన్ను వేసేది అందుకేగా!

ఒంటి చెప్పుతో ఒడ్డున కూర్చుని చెరో మొక్కజొన్న పొత్తు తిన్నాం. 2004 డిసెంబరు 26న ఈ సముద్రమే ఎలా ఎగిసిందో గుర్తొచ్చి అడిగాను. ఆ సునామీని లేపిన భూకంపం పుట్టిన సుమత్రా కందకంలోకి దిగుతున్న మట్టి ఎక్కువగా హిమాలయాలదేనట. నదులు మోసుకొచ్చి బంగాళాఖాతంలో వదిలితే, అడుగునే దక్షిణంగా పోయి అక్కడ కిలోమీటర్ల మందాన పేరుకుంది. అంత మందం కింద వేడెక్కి, ఖనిజాలు ముందే నీళ్లు వదిలి గట్టిపడ్డాయని, అందుకే అక్కడ ఫాల్టు పైభాగం దాకా అంత బలంగా తెగి ఉండొచ్చని కొందరి అభిప్రాయం.

"ఇక్కడి నుంచి కూడా అటు మట్టి పోతుందా?"

"ఏమో గానీ, నీ చెప్పు మాత్రం బయల్దేరింది మావయ్యా" అన్నాడు వెధవ.