పాత వీ కన్సోల్ మీద నా వెబ్‌సైటు

నా వెబ్‌సైటు ఇప్పుడు నింటెండో వీ మీద నడుస్తోంది. 2006 నవంబరులో మార్కెట్లోకి వచ్చి, ప్రపంచమంతటా 10 కోట్లకు పైగా అమ్ముడుపోయి, ఆ తరువాత చాలా ఇళ్లలో మూలపడిపోయిన ఆటల యంత్రమే ఇది. కొన్ని వ్యాసాలు, వాటి మధ్య అక్కడక్కడ బొమ్మలు ఉండే సైటుకు నిజంగా ఎంత యంత్రం అవసరమో చేసి చూడాలనిపించింది. ఇలాంటి సైటుకు ఈ కన్సోల్ చాలునని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

దీని లోపల ఉన్నది ఐబీఎం తయారుచేసిన బ్రాడ్‌వే ప్రాసెసర్. వేగం 729 మెగాహెర్ట్జ్. ఇది పవర్‌పీసీ 750 కుటుంబానికి చెందినది. అదే కుటుంబంలో రేడియేషన్‌ను తట్టుకునేలా రూపొందించిన ప్రాసెసర్ అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్‌లోనూ, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులోనూ పనిచేస్తోందంటే, వయసు చూసి ఈ చిప్‌ను తక్కువ అంచనా వేయకూడదని తెలుస్తుంది. మెమరీ మాత్రం 24, 64 మెగాబైట్లుగా రెండు భాగాలు కలిపి 88 మెగాబైట్లే. అంతర్గత నిల్వ 512 మెగాబైట్లు ఉన్నా దాని జోలికి వెళ్లకుండా సర్వర్‌కు కావలసినదంతా ఎస్‌డీ కార్డు మీదే పెట్టాను కాబట్టి, కార్డు తీసేస్తే ఆటలు ఎప్పటిలాగే ఆడుకోవచ్చు.

ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వీ మీద లినక్స్ నడపడం కొత్తేమీ కాదు. ఔత్సాహికులు చాలా ఏళ్ల క్రితమే ఆ పని సాధించారు. అయితే ఆ పాత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో మూలభాగం) 2.6 వెర్షన్ కాలానిది. భద్రతా సవరణలు అందని కెర్నల్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో సరదాగా నడుపుకోవడం వేరు, ఊరూ పేరూ తెలియని వాళ్లు తలుపు తట్టే చోట నడపడం వేరు. 2024లో లినక్స్ లాంటిదే అయిన మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ ప్రధాన సోర్స్‌లోనే వీకి మద్దతు చేరడంతో ఈ చిక్కు తీరింది. మిగతా కంప్యూటర్లకు వచ్చే సవరణలే ఈ కన్సోల్‌కూ వస్తాయి, మరో కంప్యూటర్ నుంచి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కొత్తదే ఉంటుంది, ప్యాకేజీలను కూడా ఎప్పటికప్పుడు నిర్వహించే వాళ్లు ఉన్నారు. ఈ మద్దతు లేకపోతే నేను ఈ ప్రయత్నమే చేసేవాణ్ణి కాదు.

స్థాపించడం సులువే. కన్సోల్‌లో ముందుగా హోమ్‌బ్రూ ఛానల్ (ఔత్సాహికులు రాసిన ప్రోగ్రాములను వీ మీద నడిపించే మెనూ) ఉండాలి. నెట్‌బీఎస్‌డీ ఇమేజ్‌ను, అంటే సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైలును, ఎస్‌డీ కార్డు మీదకు రాసి, ఆ ఛానల్ మెనూలో ఎంచుకుంటే, కెర్నల్ సందేశాలు టీవీ తెర మీద వరుసగా దొర్లుతాయి. యూఎస్‌బీ కీబోర్డుతో లాగిన్ కావచ్చు. నెట్‌వర్క్ కోసం యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ వాడాను. అది సెకనుకు 100 మెగాబిట్లది కాబట్టి నా సైటుకు ఎక్కువే. ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయడం మొదలయ్యాక టీవీతో పనిలేదు.

వెబ్ సర్వర్‌గా నెట్‌బీఎస్‌డీతో పాటే వచ్చే బోజోహెచ్‌టీటీపీడీని వాడుతున్నాను. డేటాబేసు లేదు, పేజీలను అప్పటికప్పుడు తయారుచేసే పీహెచ్‌పీ లేదు. పేజీలన్నీ నా ల్యాప్‌టాప్ మీద ముందే తయారై, మారిన ఫైళ్లను మాత్రమే పంపే ఆర్‌సింక్ ద్వారా కార్డు మీదకు చేరతాయి. ఎస్‌డీ కార్డు నెమ్మదిగా చదువుతుందన్నది నిజమే కానీ, ఒకసారి చదివిన ఫైలును సిస్టమ్ మెమరీలో ఉంచుకుంటుంది కాబట్టి, కొన్ని మెగాబైట్లకు మించని సైటులో తరచూ అడిగే పేజీలు నేరుగా మెమరీ నుంచే వెళ్తాయి. కొత్త పేజీలు చేర్చే సమయంలో తప్ప కార్డును చదవడానికి మాత్రమే మౌంట్ చేసి (సిస్టమ్‌కు జతచేసి) లాగ్‌లను మెమరీలోకి మళ్లించడం వల్ల, హఠాత్తుగా కరెంటు పోయినా ఫైల్‌సిస్టమ్ చెడిపోదు, కార్డు కూడా త్వరగా అరిగిపోదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. అక్షరాలను బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని తీసుకుంటే అందులో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని 6 సంకేతాలు, అంటే 18 బైట్లు ఉంటాయి. ఇది చూసి తెలుగు పేజీలు బరువని భయపడనవసరం లేదు. ప్రతి తెలుగు సంకేతంలోనూ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండు విలువల్లో ఏదో ఒకటి. ఇంతగా పునరావృతమయ్యే పాఠ్యాన్ని ఫైళ్లను చిన్నవి చేసే జీజిప్ బాగా కుదిస్తుంది. ఆ కుదింపు పని కూడా ల్యాప్‌టాప్ మీదే ముగించి పంపుతాను. అసలు బరువంతా ఫాంట్లదీ బొమ్మలదే. అందుకే వెబ్‌ఫాంటు పూర్తిగా మానేసి, చదివేవారి పరికరంలో ఉన్న తెలుగు ఫాంటుకే వదిలేశాను. పేజీలు వెంటనే తెరుచుకుంటున్నాయి, అక్షరాలు కూడా పాఠకుల కళ్లకు అలవాటైన రూపంలోనే కనిపిస్తున్నాయి.

ఈ యంత్రానికి నిజంగా కష్టమైన పని హెచ్‌టీటీపీఎస్, అంటే పేజీలను గుప్తీకరించి పంపడం. కొత్త ప్రాసెసర్లలో గుప్తీకరణకు ప్రత్యేకమైన ఆదేశాలు ఉంటాయి. బ్రాడ్‌వేలో అవి లేవు. ఆ గుప్తీకరణ పద్ధతి పేరు టీఎల్‌ఎస్. ప్రతి కొత్త కనెక్షన్‌కూ మొదట జరిగే టీఎల్‌ఎస్ కరచాలనం దీనికి భారమవుతుంది, పైగా సైటు గుర్తింపును రుజువు చేసే సర్టిఫికెట్ ఆర్‌ఎస్‌ఏ పద్ధతిదైతే ఎలిప్టిక్ కర్వ్ పద్ధతిదాని కంటే సర్వర్‌కు మరింత శ్రమ. అందువల్ల టీఎల్‌ఎస్ బాధ్యతను పాఠకులకూ కన్సోల్‌కూ మధ్య నిలిచి పేజీలను అందించే మరో చిన్న ప్రాక్సీ యంత్రానికి అప్పగించాను. అయితే ఆ ప్రాక్సీలో పేజీలను దాచుకునే సౌకర్యాన్ని కావాలనే ఆపేశాను. పేజీల నకళ్లు అక్కడి నుంచే వెళ్తుంటే, కన్సోల్ మీద సైటు నడుస్తోందన్న మాట పేరుకే మిగులుతుంది. మీరు చదువుతున్న ప్రతి పేజీ ఈ తెల్లటి పెట్టెలోంచే రావాలి, ఆ విషయంలో నాకు రాజీ లేదు.

విద్యుత్తు విషయానికొస్తే, వీ ఆటలు ఆడేటప్పుడు కూడా 20 వాట్లలోపే తీసుకుంటుంది. కొత్తగా కొనే చిన్న బోర్డులు ఇంతకంటే పొదుపుగా నడుస్తాయి కాబట్టి, ఆదా కోసమే అయితే దీన్ని ఎవరికీ సిఫారసు చేయను. ఇప్పటికే ఇంట్లో ఉండి, పనిచేసే స్థితిలో ఉన్న యంత్రమైతే మాత్రం తప్పక ప్రయత్నించమంటాను.

సాఫ్ట్‌వేర్‌ను కన్సోల్ మీదే కంపైల్ చేయడం (సోర్స్ కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చడం) గంటల కొద్దీ సాగే పని కాబట్టి, సిస్టమ్ మొత్తాన్నీ ల్యాప్‌టాప్ మీదే క్రాస్ కంపైల్ చేస్తున్నాను, అంటే కన్సోల్ కోసం ల్యాప్‌టాప్ మీద తయారుచేస్తున్నాను. నెట్‌బీఎస్‌డీలో దీనికి ఒక్క బిల్డ్ స్క్రిప్టు చాలు. కొత్త ఇమేజ్‌ను రెండో ఎస్‌డీ కార్డు మీద రాసి, కన్సోల్‌ను ఆపి, కార్డు మార్చి మళ్లీ ఆన్ చేస్తాను. కొత్తది సరిగా లేవకపోతే పాత కార్డు పక్కనే ఉంటుంది.